నిలిచిన చెట్టు విలువ

పేదదేశము సంపదను పెంచుకొనవలెనా, ప్రకృతిని కాపాడుకొనవలెనా అను ప్రశ్నను మనము తరచుగా వినుచున్నాము. సంపద కావలెనన్నచో అడవి పోక తప్పదని కొందరందురు. అడవి నిలువవలెనన్నచో బీదలు ఓర్చుకొనక తప్పదని మరికొందరందురు. ఈ రెండు వాదములలోను లోపము కలదని మా అభిప్రాయము. అందులకు నిదర్శనముగా మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు అనుభవమును శ్రోతల ముందుంచుచున్నాము.

కోస్టారికా మిక్కిలి చిన్న దేశము. వైశాల్యము సుమారు 51,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య సుమారు 50 లక్షలు. కాఫీ, అరటి దాని పాత పంటలు. 1948లో సైన్యమునే రద్దుచేసికొని ప్రసిద్ధి కెక్కిన ఈ దేశము, తన అడవుల విషయమున మాత్రము చాలకాలము కఠినముగానే వర్తించెను. 1940 ప్రాంతమున నేలలో దాదాపు మూడు పాళ్లు అడవి యుండగా, 1980ల నాటికి సుమారు ఒక పాలు మాత్రమే మిగిలెను.

దీనికి కారణము రైతుల అజ్ఞానము కాదు. అడవిని నరికి పచ్చికబయలు చేసినవాడు భూమిని బాగుచేసినవాడని ఆనాటి చట్టము భావించెను. పశువుల పెంపకమునకు బ్యాంకులు అప్పులిచ్చినవి. మాంసమును అమెరికా సంయుక్త రాష్ట్రములు కొనుచుండెను. నిలిచిన చెట్టు కాసైనను తేలేదు. కూలిన చెట్టు కుటుంబమును పోషించెను. కూర్చున్న కొమ్మను నరుకుకొనుట అవివేకమే. కాని నరికినవానికే అన్నము పెట్టు ఏర్పాటు ఉన్నప్పుడు, తప్పు గొడ్డలిదా, ఏర్పాటుదా?

1996లో చేసిన అరణ్యచట్టము ఈ లెక్కను మార్చెను. ఉన్న అడవిని ఇతర ఉపయోగములకు మార్చరాదని శాసించెను. అంతటితో ఊరకుండక, అడవి మనకు చేయు సేవలను నాలుగింటిని పేర్కొనెను: బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనుట, నీటిని కాపాడుట, జీవజాతులకు ఆశ్రయమిచ్చుట, కన్నులకింపైన సౌందర్యము నిలుపుట. ఫలమును అందరును అనుభవించుచుండగా నష్టమును నేలగలవాడొక్కడే భరించుట న్యాయము కాదు గదా! అందుచే, తన నేలలో అడవిని నిలిపినవానికిని, చెట్లు పెంచినవానికిని 1997 నుండి ఒడంబడికపై సొమ్ము చెల్లించుచున్నారు. ఇందులో పెద్దభాగము పెట్రోలు మున్నగు ఇంధనములపై విధించిన పన్నునుండి వచ్చును. నీటి వాడకముపై రుసుము తరువాత చేరినది.

నేడు ఆ దేశమున సగమునకు పైగా నేలపై అడవి కలదు. ఇదంతయు ఆ చెల్లింపుల మహిమయే అనుట అతిశయోక్తి యగును. 1980లలో మాంసపు ధర పడిపోయి, బీడుపడిన పచ్చికబయళ్లలో అడవి తనంతట తానే లేచినది. అడవులను చూడవచ్చు యాత్రికుల ధనమును తోడ్పడినది. అయినను, తిరిగివచ్చిన అడవిని మరల నరకకుండ నిలుపుటలో చట్టమునకును, చెల్లింపునకును పాలు కలదు.

చిక్కులు తీరిపోలేదు. తాజా అనాసపండ్ల ఎగుమతిలో కోస్టారికా ప్రపంచమున అగ్రస్థానముననున్న దేశములలో ఒకటి. సికిర్రెస్ ప్రాంతమున ఆ తోటలలో చల్లిన బ్రోమసిల్ అను కలుపుమందు త్రాగునీటిలో కలియగా, కొన్ని గ్రామములకు ఏండ్ల తరబడి ట్యాంకరులతో నీరు పంపవలసివచ్చెను. ఆ మందును 2017లో నిషేధించిరి. అడవికి వెల కట్టిన దేశమే ఊరిబావిని మరచెనన్నమాట! మరియొక చిక్కు విచిత్రమైనది. పెట్రోలుపై పన్ను అడవిని పోషించుచున్నది. పెట్రోలు వాడకమును తగ్గించుటయు ప్రభుత్వ సంకల్పమే. అది నెరవేరిననాడు అడవి ఖర్చు ఎవరు భరింతురు? ఈ ప్రశ్నకు ఇప్పటినుండియే సమాధానము వెదకవలసియున్నది.

కనుక మేము చెప్పదలచిన దొక్కటే. ప్రకృతిని కాపాడుమని బీదవానికి బోధించుట సులభము. కాపాడినందుకు వానికి కూలి ముట్టజెప్పుట కష్టము. ఈ రెండవపనికి పూనుకొనిన దేశమునందే అడవియు నిలుచును, అన్నమును దొరకును.