ముదిమికి రావలసిన కూలి

(జగిత్యాలలో కావించిన ఉపన్యాస పాఠము)



1935వ సంవత్సరమున నాలుగవ ఆంధ్రమహాసభ మన పొరుగున సిరిసిల్లలో శ్రీ మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను జరిగినది. ఆ మహాసభలు ఎత్తిచూపిన అన్యాయములలో వెట్టిచాకిరి ముఖ్యమైనది. పని చేయించుకొని కూలి యీయకుండుటయే వెట్టి. అది పోయినదని మనము సంతసించుచున్నాము. కాని కూలిలో నొక భాగము నేటికిని ఎగవేతకు లోనగుచున్నది. అది ముదిమికి రావలసిన భాగము. దానినిగూర్చియే మేము మీకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

జగిత్యాల, కోరుట్ల వీధులలో నడచిపోవువారికి చాటలు ఒడిలో నుంచుకొని బీడీలు చుట్టు స్త్రీలు ఇంటింటను కనబడుదురు. వేయి బీడీలకింత యని వారి కూలి. సిరిసిల్లలో యజమాని నూలిచ్చును. ఆసామి సాంచాలు నడిపించును. కార్మికుడు రేయింబవళ్లు ఆ మోతలో నిలిచి నేయును. మీటరుకింత యని అతని కూలి. ఈ రెండు వృత్తులలోను చేతివేగమునుబట్టియే కూడు. కావున ముసలితనము వీరికి ఒక్కనాడు రాదు. కూలిలో కొంచెము కొంచెముగా దిగివచ్చును. చూపు మందగించినకొలది, వ్రేళ్లు బిగిసినకొలది వేయి బీడీలు ఎనిమిదివందలగును, ఎనిమిదివందలు ఐదువందలగును. ఉద్యోగి జీతము వయస్సుతో పెరుగును. వీరి కూలి వయస్సుతో తరుగును.

పింఛను దయాధర్మము కాదు, గతించిన సేవకు చెల్లింపవలసిన హక్కు అని సుప్రీముకోర్టువారు 1982 డిసెంబరు 17న నకారా వ్యాజ్యమున తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యము ప్రభుత్వోద్యోగులది. అందలి న్యాయము మాత్రము ఒక్క ఉద్యోగులది కాదు. రాజ్యాంగము 41వ అధికరణమున, తన శక్తికొలది వృద్ధులకు సహాయము చేయుట రాజ్యము కర్తవ్యమని చెప్పుచున్నది. ఆచరణ మెట్లున్నదో చూడుడు. కేంద్రప్రభుత్వోద్యోగము చేసి విరమించినవానికి కనీసపు పింఛను 2016 నుండి నెలకు 9,000 రూపాయలు. అతనికి 80 ఏండ్లు నిండగా పింఛనులో నూటికి 20 వంతులు, నూరేండ్లు నిండగా మరి యంతయు అదనముగా చేరును. బీదవృద్ధునికి కేంద్రమిచ్చు వంతు 79 ఏండ్లవరకు నెలకు 200 రూపాయలు, అటుపిమ్మట 500. రెండువందలనగా దినమునకు ఏడు రూపాయలైన కాదు. ఉద్యోగి పింఛనును మేము ఆక్షేపించుటలేదు. ఒకరికి న్యాయమైనది వేరొకరికి ఏల అన్యాయమగునని మాత్రమే అడుగుచున్నాము.

మన రాష్ట్రమున 2014 నవంబరులో ఆసరా పింఛనులు నెలకు 1,000 రూపాయలతో ఆరంభమై 2019లో 2,016 రూపాయలైనవి. నేతపనివారికి 50 ఏండ్లకే అర్హత కల్పించిరి. 2015లో బీడీ కార్మికస్త్రీలను చేర్చిరి. కొన్ని పనులలో దేహము ముందుగా ముసలిదగునని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయినది. ఇది మెచ్చదగినదే. కాని బీడీ పింఛనుకు ప్రావిడెంటు ఫండు ఖాతా ఆధారమైనది. ఖాతా యుండుటయు లేకుండుటయు చుట్టినవారి చేతిలోనిది కాదు, చుట్టించినవారి చేతిలోనిది.

ఒక వృద్ధురాలు చిరిగిన పుస్తకమొకటి పట్టుకొని మాకడకు వచ్చినది. ముప్పదియేండ్లు బీడీలు చుట్టిన ఆమె పనికి కాగితములపై ఎనిమిదేండ్లే లెక్క. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున పదియేండ్ల సేవ లేనిదే నెలసరి పింఛను లేదు. సేవ యున్నవారికైనను దక్కునదెంత? జీతమును సేవాకాలముతో గుణించి 70చేత భాగించుట దాని సూత్రము. మూడువేల జీతముపై ముప్పదియేండ్లు పనిచేసినచో వచ్చునది 1,285 రూపాయలు. కూలి తక్కువగుటచేత పింఛనును తక్కువ. బ్రతుకంతయు పడిన నష్టము ముదిమిలో మరల నొకమారు పడవలసి వచ్చుచున్నది.

ఆయుర్దాయమున సయితము సమత లేదు. 2011–15 నాటి లెక్కలపై జరిగిన పరిశోధనయొకటి 2019లో వెలువడినది. దేశజనులను సంపదనుబట్టి ఐదు భాగములు చేయగా అట్టడుగువారి సగటు ఆయుస్సు 65.1 ఏండ్లు, మీదివారిది 72.7 ఏండ్లు. 2014లో ఆసరా వృద్ధులకు విధించిన వయస్సు 65! జననమునాటి సగటులో శిశుమరణములును చేరును గనుక, 65 చేరిన బీదవాడు ఆ నాడే గతించునని దీని యర్థము కాదు. కాని ఒకే వయస్సు అందరికి విధించినపుడు ముందుగా అలసి ముందుగా పోవువాడు తక్కువ కాలము అనుభవించుననుట నిజము. 2022లో ఆ వయస్సును 57కు దించుట ఇందుచేతనే సరియైన పని.

కొడుకులు లేరా యని కొందరడుగుదురు. కొడుకులు దుబాయిలోను, మస్కటులోను ఉన్నారు. వారు పంపు డబ్బు అప్పు తీర్చుటకే చాలని యిండ్లు మన మండలములలో ఎన్ని లేవు? రేపు వారును వట్టిచేతులతో ముసలివారై తిరిగివచ్చువారే. 2022లో మన దేశమున నూటికి పదిమందికి పైగా అరువదియేండ్లు దాటినవారు; 2050 నాటికి వారు నూటికి ఇరువదిమందిని మించుదురని అంచనా. మరికొందరు ధనమెక్కడిదందురు. జర్మనీ 1889లోనే యజమాని, పనివాడు, రాజ్యము మువ్వురును వంతులు వేసికొను వృద్ధాప్యపు భీమాను శాసించినది. మనకును 1976 నుండి బీడీలపై సుంకము వేసి ఆ పనివారి క్షేమనిధిని పోషించు చట్టముండెను. 2017లో ఆ సుంకమును ఎత్తివేసిరి. వస్తువునుండి లాభము తీయువారు ఆ వస్తువును చేసిన చేతులకు వంతు పెట్టుట క్రొత్తమాట కాదు.

కావున మనము కోరవలసినవి మూడు. పింఛనుకు పుట్టినయేడే కాక పనిచేసిన యేండ్లును లెక్కకు రావలెను. ధరలు పెరిగినపుడు పింఛను తనంత తాను పెరుగవలెను, ఎన్నికలకై వేచియుండరాదు. ఇంటికొక్కరికే యను నియమము పోయి, అర్హులైన భార్యాభర్తలిరువురకును అందవలెను.

కోరుటతో మన పని తీరదు. చదువుకొన్న మనము వారి కాగితములను చదివిపెట్టవలదా? రేపటినుండి ప్రతి సాయంకాలము ఒక గంటసేపు మేము పఠనమందిరమున దరఖాస్తులు వ్రాయుటకు కూర్చుండెదము. మీ వాడలోని వృద్ధులను, వారి చిరిగిన పుస్తకములతో సహా, తోడ్కొనిరండు. వారికి రావలసినది భిక్ష కాదు, బాకీ.