కరెంటు బండ్లు – కొండదారులు – మన పాలు
(సభ్య సంఘాల కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెట్రోలు ఖర్చు తగ్గుతుందని పాల క్యాన్లు మోయడానికి కరెంటు బండ్లు కొంటున్నాము. మంచిదే. అయితే కొండదారిలో ఆ బండి ఎక్కడం లేదనీ, దాని బలం పెంచే మార్గం చెప్పమనీ అడుగుతున్నారు. ఆ విషయమే ఈనాడు మేము మనవి చేయదలచినాము.

మన విశాఖ నేల తీరు అందరికీ తెలిసినదే. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ప్రాంతాల్లో రోడ్డు చాలావరకు చదును. అక్కడికి దగ్గరలోనే ఉన్న యారాడకు మూడు పక్కల కొండలు, నాలుగో పక్క సముద్రం. సింహాచలం దేవస్థానానికి పోవాలన్నా ఘాటు రోడ్డే. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు పోతే ఇక తూర్పు కనుమల ఎక్కుడే. చదునున చక్కగా నడిచిన బండి ఇటువంటి చోట నీరసిస్తుంది. బండి ఆగితే పాలు ఆగుతాయి. వేడిమిలో పాలలోని క్రిములు అరగంట లోపే రెట్టింపు కాగలవు. పాలను 4 డిగ్రీలకు చల్లబరచే కూలరుకు చేరడం గంట ఆలస్యమైతే నష్టపోయేది రైతే.

ముందు లెక్క చూద్దాం. మనిషి 65 కిలోలు, బ్యాటరీతో బండి 65 కిలోలు, రెండు 20 లీటర్ల క్యాన్లు పాలతో 50 కిలోలు, మొత్తం 180. పది అడుగుల దూరానికి ఒక అడుగు లేచే రోడ్డు మీద ఇందులో పదో వంతు, అంటే 18 కిలోల బరువును నిలువునా పైకి లాగుతున్నట్టే. గంటకు 10 కిలోమీటర్ల వేగాన ఎక్కడానికి దాదాపు 490 వాట్లు కావాలి. 25 కిలోమీటర్ల వేగానికైతే 1,225 వాట్లు. 250 వాట్ల మోటారు ఈ బరువుతో 5 కిలోమీటర్ల వేగానే ఎక్కగలదు. అది నడక వేగమే. లోపం బండిది కాదు, మనం దానికి అప్పగించిన పనిది.

ఈ స్థితిలో మెకానిక్కులు కొందరు కంట్రోలరు మార్చి మోటారుకు కరెంటు ఎక్కువ పంపుతారు. ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టే ఇది. కాసేపు అడుగు పడుతుంది గాని ఎద్దుకు కొత్త బలం రాదు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే తీగచుట్టలో వేడి రెండుంపావు రెట్లవుతుంది. చక్రం నెమ్మదిగా తిరిగేకొద్దీ మోటారు తీసుకునే కరెంటులో ఎక్కువ పాలు వేడిగానే పోతుంది. చివరకు తీగచుట్ట మాడుతుంది, లేదా బ్యాటరీ రక్షణ సర్క్యూటు నడిదారిలో కరెంటు కోసివేస్తుంది.

కనుక వరుసగా చేయవలసినవి ఇవి.

మొదట ఖర్చు లేనివి. టైర్లలో గాలి సరిచూడండి. బ్రేకులు చక్రాన్ని పట్టి ఉంచుతున్నవేమో చూడండి. ఎక్కుడు దారిలో ఒక్క ట్రిప్పు బరువును రెండు ట్రిప్పులు చేయండి. సముద్రపు ఉప్పుగాలికి వైర్ల జాయింట్లు చిలుమెక్కుతాయి. నెలకోసారి శుభ్రం చేయించండి.

రెండవది గేరు. చక్రంలోనే బిగించిన హబ్ మోటారు కంటే, గొలుసు, గేర్ల ద్వారా చక్రాన్ని తిప్పే మోటారు ఎక్కుడుకు మేలు. వేగం తగ్గించుకొని తోపు పెంచుకోవడం దానికి సాధ్యం. సైకిలు తరహా బండిలో 26 అంగుళాల చక్రానికి బదులు 20 అంగుళాల చక్రంలో అదే మోటారు అమర్చినా తోపు సుమారు 30 శాతం పెరుగుతుంది. పైవేగం మాత్రం తగ్గుతుంది.

మూడవది బ్యాటరీ. మనం చెప్పుకొన్న బరువుతో 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి, నష్టాలతో కలిపి సుమారు 70 వాట్-గంటలు ఖర్చు. చదును దారి ఖర్చు దీనికి అదనం. గట్టిగా లాగినప్పుడు లెడ్-యాసిడ్ బ్యాటరీ తన పూర్తి శక్తిని ఇవ్వలేదు.

నాలుగవది బ్రేకులు. ఎక్కించిన బరువును దించవలసింది కూడా ఆ బండే. బలం పెంచి బ్రేకులను పాతవే ఉంచితే ప్రాణానికే ముప్పు.

చట్టం సంగతి మరువరాదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ లేకుండా బరువు 60 కిలోలకు మించకుండా ఉంటేనే రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం ఉండదు. ఆ హద్దు దాటితే అది మోటారు వాహనమే. రిజిస్టరైన బండిని అనుమతి లేకుండా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. కొండదారికి నిజంగా బలం కావలసిన సంఘం, పాత బండికి అతుకులు వేయించే బదులు తగిన బలమున్న రిజిస్టర్డు బండిని కొనడమే క్షేమం.

ఛార్జింగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాదులోనూ ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. కొండ ఎక్కివచ్చిన వేడి బ్యాటరీని చల్లారనివ్వండి. పడకగదిలో ఛార్జింగు పెట్టవద్దు. దానికి ఇచ్చిన ఛార్జరునే వాడండి.

చివరగా ఒక మనవి. బండి కొనబోయే ముందు క్యాన్లలో నీళ్లు నింపి, మీ ఊరి ఎక్కుడు మీదనే, మీ ఎదుటనే నడిపించమని డీలరును అడగండి. మధ్యలో ఒకసారి ఆపించి, అక్కడి నుంచే మళ్లీ కదిలించమనండి. దిగేటప్పుడు బ్రేకులు చూడండి. కాగితం మీది అంకెల కంటే ఈ పరీక్ష నమ్మదగినది. పైసా పైసా కూడబెట్టిన సంఘం సొమ్ము అది. ఆ సొమ్ముతో కొన్న బండి పాలను వేళకు చేర్చాలి, తోలే మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చాలి.