తెల్లకోటు సరే... పేషెంట్ పక్కన కూర్చోవడం ఎవరు నేర్పాలి?

2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో, ఆ తర్వాత గద్వాలలో కూడా సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చేశాయి. మంచిదే. కానీ అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక చెంచు పెద్దాయన "నాకేమైంది బిడ్డా?" అని అడిగితే, పక్కన కూర్చొని అర్థమయ్యేలా చెప్పాలి కదా!

సిలబస్‌లో ఉంది. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో 'ఏట్‌కామ్' అని ఒక మాడ్యూల్ పెట్టారు. ప్రవర్తన, నైతికత, పేషెంట్‌తో మాట్లాడే తీరు, ఇవన్నీ అందులో వస్తాయి. అయితే క్లాసులో విన్నది వేరు, మంచం పక్కన చూసింది వేరు. (కోడింగ్ కూడా స్లైడ్స్ చూస్తే రాదు లెండి!)

విరాళాలు పనికొచ్చేది ఇక్కడే. ఫస్టియర్ వాళ్లకి తెల్లకోటు తొడిగే ఫంక్షన్ రీల్స్‌లో చూసే ఉంటారు. దాన్ని 1993లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో మొదలుపెట్టింది ఆర్నాల్డ్ గోల్డ్ ఫౌండేషన్ అనే ఛారిటీ. మన హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ కూడా అంతే, దాతలిచ్చే పైసలతోనే చివరి దశలో ఉన్న పేషెంట్లని ఫ్రీగా చూసుకుంటుంది.

మనం బర్త్‌డేకి ఆసుపత్రిలో పండ్లు, బ్రెడ్ పంచి సెల్ఫీ దిగుతాం. అవే పైసలు పోగేసి, గద్వాల స్టూడెంట్స్ ఓ పదిమందిని వారం రోజులు అలాంటి చోటికి పంపితే? బస్సు చార్జీలు, తిండి, ఉండడానికి రూము, ఖర్చు ఇంతే. కాలేజీ, హాస్పిస్ రెండూ ఒప్పుకోవాలనుకోండి, దానికి వెళ్లి అడగాలి. ముందైతే మీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఈ మాట పెట్టి చూడండి.