పెన్రోస్ గ్రామము చెప్పు పాఠము



వేల్సు దేశమున పుల్హెలి పట్టణము చెంత పెన్రోస్ అను పోలిష్ గ్రామము కలదు. అచట వైమానిక స్థావర నిర్మాణమును 1936లో వేల్సు భాషాభిమానులు నిప్పుపెట్టి ప్రతిఘటించిరి. యుద్ధానంతరము స్వదేశమునకు మరలలేని పోలిష్ సైనికులకును, వారి కుటుంబములకును 1949లో ఆ నేలయే ఆశ్రయమైనది. ప్రార్థనాలయము, మాతృభాష, వృద్ధాప్యమున ఆదరణ అన్నియు అచటనే లభించినవి.

ఆ తరము క్రమముగా తరిగినది. 2020 దశకమున ఒక గృహనిర్మాణ సంస్థ గ్రామ పునర్నిర్మాణమునకు పూనుకొన్నది. కొత్త యిండ్లు లేచును. పోలిష్ మాట నిలుచునా?

మనమును పరభాషా ప్రాంతమున స్థిరపడినవారమే. పాఠశాల గోడలను సంఘము కట్టగలదు. తెలుగు పలుకు నిలుపుట మన యింటి పని. పెద్దలుండగనే వారి మాటను పిల్లల నోట నిలుపుదము.