పింగాణి పొయ్యియు, గడీలోని కాగును



వేసవి వచ్చినచో ఱాళ్లు సయితము సెగలు గ్రక్కెడి పాలమూరు, నల్లగొండ మెట్టసీమలవారమగు మనకు పొయ్యి యనఁగా వంటయింటి వస్తువే కాని సభాలంకారమని తోఁపదు. ఐరోపాఖండపు శీతలదేశములందు పదునెనిమిదవ శతాబ్దిలో అది ధనికుల చావడికే మకుటమై యుండెను. పైకప్పు నంటునట్లు మూలను నిలిచెడి యా పొయ్యిని కుమ్మరులు కాల్చిన పలకలతో కట్టెడివారు. తగరపు భస్మము చేరిన పూఁతచే తెలుపును, కోబాల్టుచే నీలిమయు దానికి వచ్చెడివి. 1767లో స్వీడన్ దేశమున క్రోన్‌స్టెట్, వ్రేదె యను నిరువురు, పొగ నేరుగా పైకిపోక యైదు నాళములలో క్రిందుమీఁదుగా తిరుగునట్లు కల్పించిరి. కొలఁది కట్టెలతోనే వెచ్చదనము చిరకాలము నిలిచినది. మెచ్చఁదగిన బుద్ధి!

అంతకంటె నన్నాకర్షించినది మఱియొకటి. వియన్నాలోని షోన్‌బ్రున్ రాజసౌధమున పొయ్యికి నోరు గదిలో లేదు. గోడ వెనుక నిఱుకైన నడవ గలదు. సేవకులు ఆ నడవలోనుండి కట్టెలు వేసెడివారు. బూడిదగాని, కట్టెలు మోయువాని మొగముగాని ప్రభువుల కంటఁబడవు.

అట్టి నడవ మన గడీలకును ఉండెను. అది యిటుకలతో కట్టినది మాత్రము కాదు. దొరవారి యింట రాగి కాగులు, ఇత్తడి గంగాళములు ఎన్ని గలవో పెద్దఱిక మంత. అతిథి లేచునప్పటికి కాగులో నీళ్లు మరుగుచుండవలెను. క్రింది కట్టెలు వెట్టివాఁడు మోసినవి. వంటయింటి కుండలు కుమ్మరి వెల లేక యిచ్చినవి. విందునకు గొఱ్ఱెను గొల్లకుఱుమలు ఊరక యిచ్చుకొనవలెను. ఐరోపా కుమ్మరి తన పలకకు వెలగొనెను. మన కుమ్మరికి ఆ పాటి భాగ్యమును లేదు.

గద్వాల, వనపర్తి సంస్థానములలో పండితులకు జరిగిన సత్కారములను మావంటివారము వేనోళ్లఁ బొగడుదుము. అవి పొగడఁదగినవే. కాని యా సత్కారదినమున స్నానోదకము కాఁచినవాని పేరు ఏ ప్రబంధపీఠికయందును నాకు కానరాలేదు.

నడవగోడ నల్లగొండ సీమలోనే కూలఁదొడఁగెను. 1946 జూలై 4వ తేదీన, అప్పు డా జిల్లాలోనిదైన కడవెండియందు, గ్రామస్థుల యూరేగింపుపై దేశ్‌ముఖు మనుష్యులు తుపాకులు కాల్చఁగా దొడ్డి కొమరయ్య మరణించెను. అతఁడు కుఱుమవాఁడు. ఆ పోరాటము 1951 వఱకు సాగినది. లేచిన యూళ్లు తొలుత మానినవానిలో వెట్టి యొకటి. కట్టెలమోపు గడీ వాకిటికి చేరుట ఆఁగినది.