జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, అప్పుల రికవరీ గురించి నా కంటే ముందు మాట్లాడిన అక్కలు బాగా చెప్పారు. నాకు ఇచ్చిన విషయం వేరు. వేలిముద్ర మిషన్‌లో గానీ, ఫోన్‌లో గానీ డబ్బు మధ్యలో ఆగిపోతే లోపల ఏం జరుగుతుంది, మనం ఏం చేయాలి అని. నేను చదివింది పదో తరగతి. కంప్యూటరు కోర్సులేవీ చేయలేదు. బ్యాంకు వాళ్లని, బ్యాంకు మిత్రని అడిగి తెలుసుకున్నది మన మాటల్లో చెప్తాను.

ముందు మన పద్ధతి గుర్తు చేసుకుందాం. ఒకామెకు అప్పు కావాలి. సమావేశంలో అడుగుతుంది. తీర్మానం రాస్తాం. అర్జీ గ్రామ సంఘానికి పోతుంది, అక్కడి నుంచి సమాఖ్యకు వస్తుంది. ఇస్తామనో, ఇప్పుడు కుదరదనో జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్తుంది. కంప్యూటర్లూ ఇంతే. ఒకటి అడుగుతుంది, ఇంకొకటి జవాబు చెప్తుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వీటిని రిక్వెస్ట్, రిప్లై అంటారు. ఒక ఆఫీసు లెక్కల ప్రోగ్రాము ఇంకో ఆఫీసు ప్రోగ్రాముతో పని చేయించుకోవాలంటే ఈ రెండు కబుర్లే ఆధారం.

ఇప్పుడు బ్యాంకు మిత్ర దగ్గరికి వెళ్దాం. మనం ఆధార్ నంబరు చెప్పి, 3000 కావాలని వేలు పెడతాం. ఆ కబురు ముందు ఆ మిషన్ ఇచ్చిన బ్యాంకు కంప్యూటరుకి పోతుంది. అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కి, అంటే ఎన్‌పీసీఐకి పోతుంది. ఈ వేలు ఈ మనిషిదేనా అని ఆధార్ సంస్థ కంప్యూటరుని అడుగుతారు. అవును అంటే మన ఖాతా ఉన్న బ్యాంకుని అడుగుతారు. అది మన ఖాతాలో 3000 తగ్గించి, ఇవ్వండి అని జవాబు పంపుతుంది. ఆ జవాబు అన్ని చేతులూ మారి మిషన్ దాకా వస్తేనే స్లిప్పు వస్తుంది, బ్యాంకు మిత్ర నోట్లు లెక్కపెడుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది.

ఒకే నిమిషంలో దేశమంతా ఎంతమంది వేళ్లు పెడతారో ఆలోచించండి. ముందు అడిగిన వాళ్ల జవాబు ముందే రావాలని లేదు. మరి ఎవరి జవాబు ఎవరిదో ఎలా తెలుస్తుంది? పిండి మర దగ్గర మనం ఏం చేస్తాం? డబ్బా మీద పేరు రాసి పెడతాం. పది డబ్బాలు ఒకేసారి వెళ్లినా మన పిండి మనకే వస్తుంది. అలాగే ప్రతి కబురుకీ ఒక నంబరు వేస్తారు. జవాబు కూడా ఆ నంబరుతోనే తిరిగి రావాలి. మన స్లిప్పు మీద ఆర్‌ఆర్‌ఎన్ అని ఉండే 12 అంకెల నంబరు ఆ డబ్బా మీది పేరులాంటిది. అందుకే ఆ స్లిప్పు పారేయొద్దంటాను.

ఇక అసలు విషయం. మనం అడిగినదానికి మూడు రకాలుగా జరగొచ్చు. ఒకటి, అవును అని జవాబు. రెండు, కాదు అని జవాబు. బ్యాలెన్సు లేదు, వేలు కలవలేదు అని చెప్తుంది. ఈ రెండింటితో పేచీ లేదు. మూడోది, జవాబే రాకపోవడం. మిషన్ కొంతసేపు చూసి టైమ్ అవుట్ అని ఆపేస్తుంది.

ఈ మూడోదాంట్లో రెండు సంగతులు దాగి ఉంటాయి. మన కబురు పోయేటప్పుడే దారిలో తప్పిపోయి ఉండొచ్చు. అప్పుడు డబ్బు ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. లేదా కబురు చేరి, డబ్బు తగ్గించి, తిరిగి వచ్చే జవాబు తప్పిపోయి ఉండొచ్చు. అప్పుడు డబ్బు కట్ అయిపోయింది, మన చేతికి రాలేదు. మిషన్ ముందు నిలబడ్డ మనకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. బ్యాంకు మిత్రకీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని జవాబు రాలేదంటే పని జరగలేదని అనుకోవద్దు. జరిగిందో లేదో ఇంకా తెలియదు, అంతే.

మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఉపాధి పని కూలి తీసుకోడానికి వెళ్లింది. 3000 కి వేలు పెట్టింది. మిషన్ తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్లీ పెట్టమ్మా అన్నారు. మళ్లీ పెట్టింది. స్లిప్పు వచ్చింది, 3000 చేతికి ఇచ్చారు. వారం తర్వాత పాస్‌బుక్ వేయిస్తే 6000 తగ్గింది. పెద్దమ్మ బ్యాంకు మిత్ర మీద అనుమానపడింది. ఆ అమ్మాయి నేను దొంగనా అని ఏడ్చింది. ఇద్దరూ ఒకే గ్రామ సంఘం వాళ్లు. రెండు నెలలు మాటల్లేవు. చివరికి పాస్‌బుక్‌లో రెండు నంబర్లూ చూపించి బ్యాంకులో రాసిస్తే, మొదటి 3000 కి జవాబు చేరలేదని తేలింది. డబ్బు వెనక్కి వచ్చింది. మాటలు కలవడానికి మాత్రం ఇంకా కొన్నాళ్లు పట్టింది.

రెండోసారి వేలు పెడితే ఎందుకు కట్ అయింది? కంప్యూటరుకి అది పాత కబురు కాదు. కొత్త నంబరుతో వచ్చిన కొత్త కోరిక. పాత నంబరుతోనే మళ్లీ అడిగితే, ఇది ఇందాక చేసిందే కదా అని బ్యాంకు గుర్తుపట్టగలదు. యూపీఐని తయారు చేసినవాళ్లు అందుకే డబ్బు పంపమనే కబురు, దానికి జవాబు, ఈ రెండే కాకుండా ఇంకోటి పెట్టారు. ఫలానా నంబరు సంగతి ఏమైందని అడగడానికి మాత్రమే ఆ కబురు. దాంతో డబ్బు కదలదు. పెద్ద పెద్ద కంప్యూటర్లే మళ్లీ పంపే ముందు ఒకసారి అడిగి చూసుకుంటున్నాయి. మనమూ అదే నేర్చుకోవాలి.

కాబట్టి అక్కా, మిషన్ ఆగిపోతే మళ్లీ డబ్బుకి వేలు పెట్టొద్దు. ముందు బ్యాలెన్సు గానీ, మినీ స్టేట్‌మెంట్ గానీ అడగండి. దానికీ వేలు పెట్టాలి. అప్పుడు మిషన్ మీద బ్యాలెన్సు అని ఉందో, విత్‌డ్రా అని ఉందో చూసుకొని, చదవడం రాకపోతే పక్కవాళ్ల చేత చదివించుకొని పెట్టండి. డబ్బు తగ్గకపోతే మళ్లీ అడగొచ్చు. తగ్గి ఉంటే స్లిప్పు ఇవ్వమనండి. స్లిప్పు రాకపోతే తేదీ, టైము, మొత్తం కాగితం మీద రాయించుకోండి.

తగ్గిన డబ్బుకి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు అది. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గినా, వేలిముద్ర మిషన్‌లో తగ్గి జవాబు అక్కడికి చేరకపోయినా, ఆ రోజు తర్వాత 5 రోజుల్లోపు సరిచేయాలి. అంటే 1వ తేదీన ఆగితే 6వ తేదీ లోపు. యూపీఐలో ఒక మనిషికి పంపింది వాళ్ల ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణంలో స్కాన్ చేసింది ఆగిపోతే 5 రోజులు. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మన ఖాతాలో వేయాలి. మనం అడగకపోయినా వేయాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. రాకపోతే బ్యాంకులో రాసివ్వండి, రాసిచ్చినట్టు నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజులైనా జవాబు లేకపోతే అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఎలా వెళ్లాలో 14448 కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఇంకో జాగ్రత్త. డబ్బు ఆగిపోయిన కంగారులో ఉన్నవాళ్ల కోసం మోసగాళ్లు కాచుకుని ఉంటారు. మీ డబ్బు వెనక్కి వేస్తాం, పిన్ కొట్టండి, ఓటీపీ చెప్పండి అంటారు. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన దగ్గర నుంచి పోవడానికే. పొరపాటున పోతే వెంటనే 1930 కి ఫోన్ చేయండి.

చివరగా మన పుస్తకాల మాట. ఈ రోజుల్లో సభ్యులు కిస్తీ ఫోన్‌లోనే లీడరుకి పంపుతున్నారు. ఆమె ఫోన్‌లో పంపినట్టే ఉంటుంది, లీడరు ఫోన్‌లో పడి ఉండదు. ఆమె కట్టానంటుంది, లీడరు రాలేదంటుంది. ఇద్దరిదీ నిజమే. మధ్యలో జవాబు పెండింగులో ఉంది. ఈ సంగతి తెలియకే సంఘాల్లో ఒకరినొకరు అనుమానించుకుంటున్నాం. పదేళ్ల పొదుపు కట్టిన నమ్మకం ఒక పెండింగు మెసేజి దగ్గర తెగిపోతోంది.

అందుకని మహాసభ ముందు ఒక మాట పెడుతున్నాను. ప్రతి సంఘంలో పొదుపు పుస్తకం పక్కనే ఒక చిన్న నోటుబుక్కు పెడదాం. తేదీ, ఎవరు పంపారు, ఎంత, నంబరు, జవాబు వచ్చిందా. ఈ అయిదు గడులు చాలు. జవాబు గడి ఖాళీగా ఉన్నంతవరకు కట్టిందనీ రాయొద్దు, ఎగ్గొట్టిందనీ అనొద్దు. ఆమె చేత మళ్లీ పంపించొద్దు. తర్వాతి సమావేశంలో ముందు ఆ ఖాళీ గడులే చదువుదాం. ఏ నంబరుకి జవాబు రాలేదో ఆ నంబరు పట్టుకుని వీఓఏ బ్యాంకుకి వెళ్లాలి. మీకు సమ్మతమైతే దీన్ని ఈ రోజే తీర్మానంలో రాయమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.