జనసభయు వీథిగానమును

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



చంపాపేటయందు సమకూడిన మన యీ మహాసభలో విద్యాభివృద్ధిని గూర్చియో, వివాహవ్యయ నియమమును గూర్చియో నేను ప్రసంగింతునని మీలో ననేకులు తలచియుందురు. బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు బోధించుచు జీవితము గడపినవానికి అవి యుచిత విషయములే. కాని నేడు వేఱొక విషయమును మీ ముందుంచుట నాకు కర్తవ్యముగా తోచినది. మన సభకు ధ్వనివర్ధకము పెట్టుకొనుటకై మన కార్యదర్శిగారు పోలీసుఠాణాకు పోయి యనుమతి పొంది వచ్చిరి. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు బహిరంగమున మైకు మ్రోగరాదని 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు చెప్పుచున్నవి. రోగులకు, శిశువులకు, చదువుకొను బాలురకు హితమైన యీ నియమమును నేను నిందింపను. అయినను దానినుండి యొక పెద్ద ప్రశ్న పుట్టుచున్నది. నలుగురు కూడి గొంతెత్తుటకు ఎవరి యనుమతి కావలెను? కూడినవారిని చెదరకుండ, చెడకుండ నిలుపునది యేది?

రెండవ ప్రశ్నకు నా యుత్తరమును ముందే మనవి చేయుదును. గుంపును సభగా మార్చునది పాట. "సం" అను నుపసర్గకు చక్కగా అనియు, కూడి అనియు రెండర్థములు గలవు. కావున సంగీత మనగా చక్కగా పాడినదే కాక కూడి పాడినది యనియు గ్రహింపవచ్చును. వేయిమంది యొక్క పల్లవి నెత్తుకొన్నప్పుడు వేయిమంది యొక్కమాఱే ఊపిరి పీల్తురు. ఆ క్షణమున వారికి నాయకుని యాజ్ఞ యక్కఱలేదు. తాళమే వారికి శాసనము. దీనిని మఱచిన ప్రభుత్వమును నష్టపడినది, మఱచిన జనమును నష్టపడినది. మన హైదరాబాదు చరిత్రమే దీనికి సాక్షి.

1921 నవంబరులో ఈ నగరమున మహర్షి కర్వే అధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగినది. అందు ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగున మాటాడబోగా సభలోని కొందఱు గేలిచేసి యల్లరిపెట్టిరి. ఆ పరాభవమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. అది పెరిగి 1930లో జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, ప్రథమ ఆంధ్రమహాసభ యయ్యెను. నాటి సభాకార్యకర్తలకు ముందున్న యడ్డుగోడ గస్తీ నిశాన్ 53 అను నిజాం ప్రభుత్వపు ఉత్తరువు. దానిచే సభ జరుపవలెనన్న ముందుగా సర్కారువారి యనుమతి పొందితీరవలెను. సభకు కర్త జనుడు గాక అధికారి యయ్యెను.

మాటను కట్టివేసిన ప్రభుత్వము పాటను మాత్రము విడుచునా? 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో విద్యార్థులు వందేమాతరమును పాడిరి. పాడవలదన్నను మానకుండుటచే వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో ననేకులకు నాగపూరు విశ్వవిద్యాలయ మాశ్రయ మిచ్చెను. పిమ్మట భారత ప్రధానమంత్రియైన పాములపర్తి వేంకట నరసింహారావుగారును అట్లు నాగపూరునకు పోయినవారే. చెఱసాలలో కొరడాదెబ్బలు తినుచును ఆ నినాదమును విడువనందున రామచంద్రరావుగారికి "వందేమాతరం" అనునది యింటిపేరై నిలిచెను. రాయి పట్టని బాలుని గూర్చి ప్రభుత్వమున కంత భయ మేల? పాట పదిమంది నొక్కటి చేయును గనుక.

తరువాతి దశాబ్దమున ఆ పాట వసతిగృహమును విడిచి పల్లెకు చేరినది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుఱ్ఱకథను చేపట్టి దొరల వెట్టికి వ్యతిరేకముగా పాడెను. బండి యాదగిరి కట్టిన పాట ఊరూర మార్మ్రోగెను. సుంకర, వాసిరెడ్డి గారలు తెలంగాణ రైతుల పోరాటమును "మా భూమి" నాటకముగా రచింపగా, నాటి మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. ఇచ్చట మీరొక విశేషమును గమనింపవలెను. ఆ కవులు క్రొత్త కళారూపములను కనిపెట్టలేదు. గొల్లసుద్దులు ఒక కులమువారి సొత్తు. బుఱ్ఱకథకు మూలము జంగముకథ. ఒగ్గుకథ, శారదకథ, చిందు భాగవతము, డప్పు, వీనిలో నొక్కొక్కదానిని ఒక్కొక్క కులమువారు తరతరములుగా కాపాడిరి. భరతముని వాద్యములను తత, అవనద్ధ, ఘన, సుషిరములని నాలుగు విధములుగా విభజించెను. ఆ విభాగము ప్రకారము మృదంగమును డప్పును ఒకే అవనద్ధ జాతికి చెందినవి. ఒకదానిని గుడిలోను రెండవదానిని ఊరి వెలుపలను ఉంచినది శాస్త్రము కాదు, మనము.

స్వాతంత్ర్యానంతరమును వీథి చల్లాఱలేదు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళనమందు సిటీకాలేజి ప్రాంతమున పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము కలిగెను. దానిపై న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ జరిపిరి. నాలుగు మాసములు గడచునంతలో, 1953 జనవరియందు, ఈ నగరముననే నానల్ నగరమున నెహ్రూగారి యధ్యక్షతను కాంగ్రెసు మహాసభ వైభవముగా జరిగినది. సభామండపమున తోరణములు, వీథిలో ఆఱని కన్నీరు. 1969లో మరల కాల్పులు జరిగినవి. ఆ యేట మడిసినవారు 369 మంది యని యుద్యమకారులు చెప్పుదురు. శాసనసభ కెదురుగా గన్‌పార్కునందు ఎక్కా యాదగిరిరావుగారు మలచిన స్తూపము వారి స్మారకచిహ్నము.

ఇక మన కన్నులయెదుట జరిగిన కాలమునకు వత్తము. 2002లో కామారెడ్డిలో "ధూంధాం" అను గానసభ యారంభమైనది. రసమయి బాలకిషన్ మొదలగు కళాకారులు డప్పు, డోలు, గజ్జెలు, గొంగడి వీనినే సాధనములుగా చేసికొని తెలంగాణమంతట తిరిగిరి. ఆ పాటల కట్టుబాటును పరిశీలించిన వారికొక రహస్యము తెలియును. ఒకడు చరణమును చెప్పును, సభ పల్లవిని తిప్పి చెప్పును. పల్లవి చిన్నది, మాత్రలు సమములు, చదువురాని తల్లియు ఒక్కమాఱు విన్నంతనే అందుకొనగలదు. పాల్కురికి సోమనాథుడు తన కాలమున జానుతెనుగును ద్విపదను చేపట్టుటకు కారణమును ఇదియే. ఉపన్యాసమునకు శ్రోత లుందురు, ఇట్టి పాటకు శ్రోత లుండరు, అందఱును గాయకులే.

2009 నవంబరు 29న మన సభాస్థలి కనతిదూరమున, ఎల్.బి.నగర్ కూడలిలో, కాసోజు శ్రీకాంతాచారి యగ్నికి తన్ను తాను అర్పించుకొని, డిసెంబరు 3న అసువులు బాసెను. డిసెంబరు 1న కామారెడ్డిలో కానిస్టేబులు కిష్టయ్య ప్రాణత్యాగము చేసెను. ఒకడు వీథిలోని యువకుడు, ఒకడు లాఠీ పట్టిన రక్షకభటుడు. ఇరువురి వేదనయు నొక్కటియే. నేను వారికి నమస్కరింతును. కాని బాలురారా, వారి మార్గమును మాత్రము మీరు పట్టవలదు. బ్రతికియున్న కంఠమే పాడగలదు. ఏ యుద్యమ గాయకునికైనను ప్రథమధర్మము తన పాట విన్న బిడ్డను ప్రాణములతో తల్లియొద్దకు పంపుట.

ఆ యుద్యమమున కులసంఘములు చేసిన పనిని మన సంచికలో వ్రాసి యుంచుట యవసరము. 2011 జూన్ 19న జనులు రహదారులపైననే పొయ్యిలు పెట్టి "వంటావార్పు" చేసిరి. కుమ్మరి చక్రమును, చాకలి యిస్త్రీపెట్టెను, మంగలి తన పొదిని నడివీథికి తెచ్చి తమ వృత్తితోనే నిరసన తెలిపిరి. స్త్రీలు బతుకమ్మను నడుమ నిలిపి యాడి పాడిరి. 2011 సెప్టెంబరు 13 మొదలు అక్టోబరు 24 వఱకు 42 దినములు సకలజనుల సమ్మె సాగెను. చక్రము త్రిప్పువాని చేతిలో రాయి యుండదు, బతుకమ్మ యాడు స్త్రీల వలయములోనికి లాఠీతో జొరబడుటకు ఏ కానిస్టేబులును ఉత్సహింపడు. పనియు పాటయు కలసినచోట శాంతి తానై నిలుచును.

ఇందుకు భిన్నముగా జరిగిన దినమును దాచిపెట్టుట సత్యధర్మము కాదు. 2011 మార్చి 10న జరిగిన "మిలియన్ మార్చి"కి ప్రభుత్వము అనుమతి నీయలేదు. దారులు మూసిరి, వేలమందిని ముందుగానే నిర్బంధించిరి. అయినను కంచెలను దాటి ట్యాంకుబండు చేరినవారిలో కొందఱు, 1986లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వకాలమున వెలసిన విగ్రహములలో పెక్కింటిని కూల్చిరి. మా కవులకు తగిన చోటు లేదే యను తెలంగాణీయుల బాధ న్యాయమైనదే. కాని ఆ దెబ్బ యెవరిపై పడినది? మహాభారత మరణ్యపర్వమును పూరించిన ఎఱ్ఱనపై పడినది. అంటరానివాని దుఃఖమును పద్యముగా మలచిన జాషువపై పడినది. శ్రీశ్రీపై పడినది. ఆ వార్త చదివిన నాడు నాకు అన్నము సహింపలేదు. విగ్రహములు మరల నిలిచినవి. అయినను పాట నిలిచిపోయిన చోటనే సమ్మెట లేచినదని నా నమ్మకము. పాడుటకు రావలసిన వారిని దారిలోనే నిలిపిన దోషము పాలకులది, చేరిన తరువాత పాటను మఱచిన దోషము మనది.

మఱుసటి యేడు, 2012 సెప్టెంబరు 30న, "సాగరహారము" జరిగినది. అక్టోబరు 1 మొదలు నగరమున జీవవైవిధ్యముపై అంతర్జాతీయ మహాసభ జరుగనుండెను. దేశదేశముల ప్రతినిధులు వచ్చు సమయమున జనసమ్మర్దము తగదని ప్రభుత్వము వెనుకాడి, తుదకు నెక్లెస్ రోడ్డుపై మధ్యాహ్నము 3 గంటలు మొదలు 7 గంటల వఱకు మాత్రము అనుమతించెను. ఆనాడును బాష్పవాయువు ప్రయోగింపబడినది, వాహనములు కాలినవి. అనుమతి యున్నంతమాత్రమున అనర్థమేదియు జరుగలేదని నేను చెప్పను. కాని వేదిక యున్నచోట, పాట యున్నచోట, జనులు గడువు దాటియు, రాత్రి వర్షములో తడియుచును, నిలిచియుండిరి. ఒకే జనము, ఒకే కోరిక, ఒకే సాగరతీరము. అయినను రెండు దినములకు ఇంత భేదము.

రక్షకభటులను గూర్చి రెండు మాటలు. వారు పరాయివారు కారు, మన యిండ్ల బిడ్డలే. ఆయుధము లేక శాంతముగా సమావేశమగు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము మనకిచ్చినది, సహేతుకమైన నిబంధనలను విధించు నధికారమును ప్రభుత్వమున కిచ్చినది. 144వ సెక్షనుగా మనమెఱిగిన నిషేధాధికారము 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షనైనది. నగర పోలీసుల చేతిలోని చట్టము మాత్రము 1348 ఫసలీ నాటిది, అనగా వందేమాతరము పాడిన విద్యార్థులు గెంటివేయబడిన కాలపుది. పాలకులు మాఱినను ఆ చట్టము మాఱలేదు.

ఇది యే యొక్క పక్షమువారి దోషమును కాదు. వీథిగానముతో వచ్చిన రాష్ట్రముననే 2017లో ఇందిరాపార్కు వద్ద ధర్నాచౌకును మూసివేసిరి. దానిని తెరువవలెనని మే 15న కూడినవారి నడుమ ఘర్షణ జరిగెను. 2018లో హైకోర్టు అచట నిరసనలకు మరల నవకాశము కల్పించెను. 2021 నవంబరు 18న, నాటి ముఖ్యమంత్రిగారే వడ్ల కొనుగోలు విషయమై కేంద్రముపై నిరసన తెలుపుటకు అదే స్థలమున ధర్నా కూర్చుండిరి. నేడు మూసిన తలుపునే రేపు తట్టవలసివచ్చునని ప్రతి పాలకుడును గుర్తుంచుకొనవలెను.

ఇంక పాడినవారి గతి యేమి? గద్దరుగారు 1997లో తుపాకిగుండ్లకు గుఱియై బ్రతికి, 2023 ఆగస్టు 6న కన్నుమూయగా ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. బడి చదువు లేక, గొఱ్ఱెలు కాచి, తాపీపని చేసిన అందెశ్రీగారి గీతము 2024లో రాష్ట్రగీత మయ్యెను. ఆయనయు 2025 నవంబరులో దివంగతులైరి. వీరికి కీర్తి దక్కినది, సంతోషము. కాని వారి వెనుక డప్పు కొట్టినవాడు, గజ్జె కట్టినవాడు, వంతపాడిన ఆడుబిడ్డ ఎక్కడ నున్నారు? వారి పేర్లు ఏ శిలాఫలకముపైన నున్నవి?

కావున మహాశయులారా, మూడు మనవులతో ముగింతును. మొదటిది, మన సంఘము ఊరేగింపు తీసినను, ధర్నా చేసినను, ముందుగా పాటలను నేర్పి, తాళమెఱిగిన యువకులను ప్రతి పంక్తికి పెద్దగా నియమింపవలెను. రెండవది, మన కులవృద్ధుల నోట మిగిలియున్న పాటలను, కథలను వారి పేర్లతో సహా రికార్డు చేయించి ఈ వార్షిక సంచికలో అచ్చు వేయవలెను. పోషకులు ఒక పెండ్లిపందిటి యలంకారమునకు వెచ్చించు ధనములో పదవవంతు ఇందుల కిచ్చినను చాలును. వృద్ధులైన కళాకారులకు నెలనెల కొంత భృతియు అందుండియే యీయవలెను. మూడవది, ప్రభుత్వమును మనము కోరదగినది. నగరమున నిరసనకు స్థిరమైన స్థలమొకటి యుండవలెను. అనుమతి నిరాకరించినచో కారణమును కాగితముపై, కోర్టుకు పోవుటకు వ్యవధి యుండునట్లు ముందుగానే తెలుపవలెను.

పాటకు భయపడని పాలకులును, పాటను విడువని ప్రజలును ఈ దేశమున వర్ధిల్లుదురుగాక! 

స్వస్తి.